నిద్రయు నేరమును: విషాదాంత నాటకములందు ఒక సంకేతము యొక్క చరిత్ర

విషాదాంత నాటకములను బోధించునపుడు నిద్రను గూర్చి ఒక సూత్రము మన తరగతి గదులలో చాలకాలముగా వాడుకయందున్నది. నిర్దోషి సుఖముగా నిద్రించును. దోషికి కన్ను మూతపడదు. 'మేక్‌బెత్' నాటకముపై ప్రశ్న వచ్చినప్పుడెల్ల విద్యార్థులు ఈ సూత్రమునే వ్రాయుదురు, మార్కులును వచ్చుచుండును. ఇది పూర్తిగా అసత్యమని మేము చెప్పబోవుట లేదు. కాని ఈ సంకేతము ఎక్కడ పుట్టి, ఎవరెవరి చేతులలో ఏ రూపము పొందినదో కాలక్రమమున పరిశీలించినచో, సూత్రమునకు లొంగని ఘట్టములే ఎక్కువగా ఎదురగుచున్నవి. ఆ ఘట్టములు సామాన్యమైనవి కావు. ఆయా నాటకములకు ఆయువుపట్టులు. కావున సూత్రమునే మరల విచారింపవలసియున్నది.

మొదట గ్రీకు రంగస్థలమును చూతము. ఈస్కిలసు రచించిన 'ఒరెస్టియా' నాటకత్రయము క్రీ. పూ. 458లో ప్రదర్శింపబడినది. దాని ఆరంభముననే, రాజభవనము పైకప్పుమీద నిద్రకు దూరమైన కావలివాడు ఒకడు కనబడును. వాడు ఏ పాపమును ఎరుగడు. ట్రాయి నగరము పడినదను వార్తను తెచ్చు మంటకొరకు రాత్రులు మేలుకొని కాచుటయే వాని యుద్యోగము. మూడవ నాటకమునకు వచ్చునప్పటికి దృశ్యము తలక్రిందులైనది. తల్లిని చంపిన ఒరెస్టీసు డెల్ఫీలోని అపోలో ఆలయమున మేలుకొనియున్నాడు. అతనిని తరుముకొని వచ్చిన ప్రతీకార దేవతలు గుఱ్ఱుపెట్టి నిద్రించుచున్నారు. క్లైటెమ్నెస్ట్రా ప్రేతము వచ్చి, తన గాయములను చూపి, వారిని నిష్ఠూరములాడి లేపవలసి వచ్చినది. దోషిని శిక్షింపవలసిన శక్తియే నిద్రపోవుట ఇచటి విశేషము. నిద్ర ఇచట నిర్దోషతకు గుర్తు కాదు. న్యాయము కొంతసేపు ఆగిపోయినదనుటకు గుర్తు.

యూరిపిడీసు అదే కథను క్రీ. పూ. 408లో 'ఒరెస్టీసు' నాటకమున మరియొక విధముగా నడపినాడు. తెర తొలగుట అను ఏర్పాటు ఆనాటి రంగస్థలమున లేదు గాని, నాటకారంభమునకే ఒరెస్టీసు మంచముమీద పడి నిద్రించుచుండును. మాతృహత్య జరిగి ఆరుదినములైనది. అతడు అన్నము ముట్టలేదు, స్నానము చేయలేదు. ఉన్మాదము వచ్చుచు పోవుచున్నది. అక్క ఎలెక్ట్రా ప్రక్కన కూర్చున్నది. పరామర్శకు వచ్చిన ఆర్గోసు స్త్రీలను అడుగుల చప్పుడు కాకుండ నడువుడని ఆమె బతిమాలుకొనును. ప్రేక్షకులు సైతము ఊపిరి బిగబట్టి, ఒక హంతకుని నిద్ర చెడకుండవలెనని కోరుకొందురు. మేలుకొన్న పిమ్మట ఒరెస్టీసు నిద్రను వ్యాధికి మందుగా కొనియాడును. పిదప మెనెలాసు వచ్చి నిన్ను బాధించుచున్న వ్యాధి యేదియని అడుగగా, తాను చేసిన ఘోరము తనకు తెలియుటయే ఆ వ్యాధియని అతడు చెప్పు సమాధానము ప్రసిద్ధము. పాశ్చాత్య సాహిత్యమున అంతరాత్మ యను భావమునకు తొలి జాడలలో దీనిని ఒకటిగా పండితులు ఎంచుదురు. గమనింపదగినదేమన, తెలివిడియే వ్యాధి యైనపుడు నిద్ర ఆ తెలివిడినుండి విడుదల. దోషికే అది మిక్కిలి అవసరము, దోషికే అది ఇచట లభించుచున్నది.

సోఫోక్లీసు 'ఫిలోక్టెటీసు' (క్రీ. పూ. 409) ఈ విషయమున అన్నిటికంటె లోతైనదని మా యభిప్రాయము. నిర్జనమైన లెమ్నోసు దీవిలో మానని పుండుతో బాధపడుచున్న ఫిలోక్టెటీసు, నొప్పి ముదిరినపుడు, తన జీవనాధారమైన విల్లును యువకుడగు నియోప్టాలెమసు చేతికిచ్చి, నన్ను విడిచిపోకుమని అడిగి నిద్రలో మునుగును. ఆ యువకుడు వచ్చినది అతనిని మోసగించుటకే. నావికుల బృందము మొదట నిద్రాదేవతను మృదువుగా ప్రార్థించును. ఆ ప్రార్థన ముగియునంతలో, ఇదే అదను, పని కానిమ్మని యజమానుని తొందరపెట్టును. అతడు కదలడు. ఆ మనిషి లేక విల్లొక్కటియే చాలదని అతడు చెప్పును. ఫిలోక్టెటీసు కన్ను తెరచి, నీవు ఇంకను ఇచటనే యున్నావా యని ఆశ్చర్యపడి కృతజ్ఞత తెలుపును. ఆ కృతజ్ఞతయే నియోప్టాలెమసును లోపల కోయుట మొదలిడినది. ఇందు నిద్రించినవాడు నిర్దోషియా కాదా యను ప్రశ్నయే లేదు. నిద్ర ఒక అప్పగింత. విల్లుతోపాటు మనిషి తన్ను తాను అప్పగించుకొనినాడు. దోషము పరీక్షకు వచ్చినది నిద్రించినవానియందు కాదు, ప్రక్కన మేలుకొనియున్నవానియందు. ఈ మాటను మేము ముందు మరల ఉపయోగింతుము.

రోమను నాటకకర్త సెనెకా (మరణము క్రీ. శ. 65) ఈ సంప్రదాయమునకు ఇంగ్లండు వైపు వంతెన వంటివాడు. అతని 'హెర్క్యులీస్ ఫ్యూరెన్స్' నాటకమున హెర్క్యులీసు ఉన్మాదమున భార్యను బిడ్డలను చంపి సొమ్మసిల్లి నిద్రించును. అపుడు బృందము నిద్రను స్తుతించుచు దీర్ఘమైన గీతము పాడును. రాజునకును దాసునకును సమముగా వచ్చు విశ్రాంతియని దానిని కీర్తించిన ఆ బృందమే, మతి రాకుండుటయే ఇతనికి మేలు, ఉన్మాదమొక్కటియే ఇతనిని నిర్దోషిగా ఉంచగలదని కూడ అనును. ఎంత కఠినమైన తర్కము! మెలకువతోపాటు నేరము పుట్టును. నిద్ర నేరమును వాయిదా వేయును. ఈ నాటకమును జాస్పర్ హేవుడ్ 1561లో ఇంగ్లీషులోనికి అనువదించినాడు. 1581లో సెనెకా పది నాటకముల సంపుటములో అది మరల వెలువడినది. షేక్స్పియరు పాఠశాలలో లాటిను చదివిన తరమువాడు. మేక్‌బెత్ హత్యానంతరము నిద్రను గూర్చి పలుకు ఉపమానమాలలో సెనెకా గీతము ప్రతిధ్వనించుచున్నదని వ్యాఖ్యాతలు చిరకాలముగా చెప్పుచున్నారు. ఈ యభిప్రాయమును మేము అంగీకరింతుము.

అయితే నిద్రలేమిని శిక్షగా చూచు దృష్టి సెనెకాది కాదు. అది చరిత్రకారులనుండి వచ్చినది. థామస్ మోర్ పదునారవ శతాబ్ది రెండవ దశకమున రచించిన మూడవ రిచర్డు చరిత్రలో, గోపురమున బాలరాజకుమారులను చంపించిన పిమ్మట ఆ రాజునకు రాత్రులు సరిగా నిద్ర లేదనియు, పట్టిన కునుకునందును భయంకర స్వప్నములు కలిగెననియు వ్రాసినాడు. కొత్త రాజవంశము కొలువున పాత రాజును గూర్చి ఇట్లు వ్రాయుట లాభసాటి పని యని మరువరాదు. షేక్స్పియరు 'మూడవ రిచర్డు' నాటకమున దీనిని రంగముమీదికి తెచ్చినాడు. 1485లో జరిగిన బాస్వర్త్ యుద్ధమునకు ముందురాత్రి, రెండు గుడారములలో ఇద్దరు ప్రత్యర్థులు నిద్రించుచుండగా, చనిపోయినవారి ప్రేతములు వచ్చి ఒకనిని శపించి మరియొకనిని దీవించును. సూత్రమునకు ఇంతకంటె చక్కగా ఒదుగు దృశ్యము మరియొకటి లేదు. కాని నాటకముగా చూచినచో అది త్రాసువలె ఇరువైపుల సరితూగి, బొమ్మలాటవలె తోచును. కవి ఇంకను యువకుడు.

ఇక 'మేక్‌బెత్' విషయము. దీని మూలము హాలిన్‌షెడ్ సంకలనము చేసిన చరిత్ర. షేక్స్పియరు వాడినది 1587 నాటి రెండవ కూర్పు. ఆ గ్రంథమును తెరచినవారికి ఒక వింత కనబడును. అందు మేక్‌బెత్ డంకనును పడకగదిలో చంపలేదు. బాంకో మొదలగు మిత్రుల ఎరుకతోనే చంపినాడు. నిజచరిత్రయందు సైతము డంకను 1040లో స్కాట్లండు ఉత్తరభాగమున ఎల్గిన్ సమీపమున హతుడైనాడు. మేక్‌బెత్ ఆ తరువాత పదునేడేండ్లు రాజ్యము చేసినాడు. అటువంటి రాజునకు ఏనాడును నిద్ర పట్టలేదని ఎవరును వ్రాయలేదు. మరి నాటకమున నిద్ర ఎచటినుండి వచ్చినది? అదే గ్రంథమున మరి రెండు వేర్వేరు కథలనుండి వచ్చినది. మొదటిది డఫ్ రాజు కథ. ఫోరెస్ కోటలో అతిథిగా నిద్రించుచున్న ఆ రాజును, కోట అధిపతి డోన్‌వాల్డ్ భార్య ప్రేరేపింపగా, రాజుగారి పడకగది సేవకులకు బాగుగా త్రాగించి, పనివారిచే గొంతు కోయించినాడు. తెల్లవారిన పిమ్మట ఆ సేవకులను తానే నరికినాడు. రెండవది కెన్నెత్ రాజు కథ. తన కుమారునకు సింహాసనము దక్కవలెనని బంధువును విషముతో చంపించిన అతనికి, ఒకనాటి రాత్రి శయ్యమీద ఒక వాణి వినబడి, ఆ రాత్రియంతయు కంటికి కునుకు రాలేదు.

అనగా ముగ్గురు రాజుల కథలను ఒక్క రాత్రిలోనికి కుదించి కూర్చినాడు కవి. ఈ కూర్పునందే అతని ఉద్దేశము తెలియుచున్నది. డంకను యుద్ధభూమిని చనిపోయినచో మేక్‌బెత్ రాజద్రోహి మాత్రమే యగును. తన ఇంట, తన నమ్మకముపై కన్నుమూసినవానిని చంపినపుడు అతడు నిద్రయను దానినే చంపినవాడగును. సింహాసనము కొరకు చేసిన హత్యకు నిద్రలేమి శిక్ష యగుట ఏమి పొందిక? నిద్రించువానిని చంపినందున మాత్రమే ఆ శిక్ష నేరమునకు తగినదైనది. చరిత్రకారుని చేతిలో దైవకృతముగా ఉన్నది కవి చేతిలో నేరముయొక్క ఆకారమునే దాల్చినది. 1935లో కెరొలైన్ స్పర్జన్ ఈ నాటకమున వస్త్రములకు సంబంధించిన ఉపమానములను ప్రధానముగా ఎత్తి చూపినది. ఆమె లెక్క విలువైనదే. కాని వస్త్రములు మాటలలోనే మిగిలిపోయినవి. నిద్ర కథాసంవిధానములోనికే చొచ్చినది.

సూత్రమును ఇచటనే పరీక్షింపవలెను. నాటకమున నిద్రలేమి మొట్టమొదట ఎవరికి విధింపబడినది? ఒక నావికునికి. అతని భార్య తన ఒడిలోని గింజలను మంత్రగత్తెకు పెట్టలేదట. అందులకు ఆ మంత్రగత్తె ఆమె మగనికి రాత్రింబవళ్లు నిద్ర లేకుండ చేయుదునని పంతము పట్టినది. ఆ నావికుడు ఏమి దోషము చేసినాడు? తరువాత బాంకో. హత్య జరుగనున్న రాత్రి అతనికి కన్నులు సీసమువలె బరువెక్కుచున్నవి. అయినను నిద్రింప నొల్లడు. విశ్రాంతివేళ మనసులో దూరు పాడు తలపులను ఆపుమని దైవమును వేడుకొనును. అతడు ఏ నేరమును చేయలేదు. కాని మంత్రగత్తెల జోస్యము అతని చెవినిగూడ పడినది, గత రాత్రి వారు కలలోనికి వచ్చినారు. అతనికి నిద్ర కాపలా లేని ద్వారము. నిర్దోషి నిద్రకు భయపడుచున్నాడు! ఇక హత్య జరుగుచున్న సమయమున ప్రక్కగదిలోని ఇద్దరిలో ఒకడు నిద్రలో నవ్వును, మరియొకడు హత్య యని కేక వేయును. ఇద్దరును లేచి, దైవప్రార్థన చేసికొని, మరల నిద్రింతురు. ఆ ప్రార్థనకు తథాస్తు అనలేక గొంతు పట్టుకొనిపోయినవాడు వెలుపల నిలిచి యున్నాడు. ఈ ఘట్టమున మాత్రము సూత్రము నిలుచును. అందులోను భేదమును తెలుపునది నిద్ర కాదు, ప్రార్థన.

మేక్‌బెత్ భార్య కథ ఇంకను విచిత్రము. నిద్రించుచున్న డంకను తన తండ్రివలె కనబడకుండినచో తానే పొడిచియుందునని ఆమె చెప్పును. కొంతసేపటికే, నిద్రించువారును చనిపోయినవారును చిత్తరువులవంటివారని భర్తను ఎత్తిపొడుచును. మొదటి మాటయందు నిద్రించువాని ముఖము ఆమె చేతిని పట్టి ఆపినది. రెండవ మాటయందు ఆమె ఆ ముఖమును బొమ్మగా మార్చివేసినది. అయిదవ అంకమున ఆమెయే నడచు చిత్తరువగును. రాత్రి లేచి, కాగితము తీసి, వ్రాసి, మడిచి, ముద్రవేసి, మరల పడకకు పోవునని పరిచారిక వైద్యునకు చెప్పును. ప్రక్కన దీపము ఎల్లవేళల ఉండవలెనని ఆమె ఆజ్ఞ. కన్నులు తెరచియున్నవి, చూపు లేదు. సూత్రము ప్రకారము దోషికి నిద్ర పట్టరాదు, ఈమెకు పట్టినది. ఆమె నేరమును బయటపెట్టినది ఆ నిద్రయే. మెలకువలో ఇంత గట్టిగా పెదవి బిగించిన స్త్రీ, నిద్రలో వైద్యుని ఎదుట అంతయు చెప్పివేసినది. ఆనాటి ప్రేక్షకుని మనసున నాటుకొన్నదియు ఇదే. 1611లో గ్లోబు నాటకశాలలో ఈ నాటకమును చూచి వ్రాసికొనిన సైమన్ ఫోర్‌మన్, రాణి నిద్రలో నడచి, మాటాడి, అంతయు ఒప్పుకొనుటయు, వైద్యుడు ఆ మాటలను గుర్తుంచుకొనుటయు ప్రత్యేకముగా పేర్కొన్నాడు. నాటకము అచ్చుపడినది 1623లో. ఫోర్‌మన్ వ్రాత దానికి పండ్రెండేండ్ల ముందటిది.

ఆ వైద్యుడు ఒక మాట అనును. దానిని విద్యార్థులు తరచుగా దాటిపోవుదురు. నిద్రలో నడచిన కొందరు పుణ్యముగానే శయ్యపై కన్నుమూసిరని, తాను ఎరుగుదునని అతడు చెప్పును. అనగా లక్షణము చూచి దోషము నిర్ణయింపరాదని ఆ సన్నివేశములోనే ఒక వివేకి హెచ్చరించుచున్నాడు. కవి తన సంకేతమును తానే సందేహించి, ఆ పిమ్మటనే వాడుకొన్నాడు.

'హామ్లెట్' నాటకమును ఇచట ఒక్క మాటతో తడవి విడిచెదము. హామ్లెటు తండ్రి మధ్యాహ్నవేళ తోటలో నిద్రించుచుండగా చెవిలో విషము పోయబడినది. ఆ ప్రేతము స్వయముగా, తన పాపములు కడుగుకొనకుండగనే పోయితినని వాపోవును. నిద్ర ఇచట నిర్దోషతకు సాక్ష్యమీయదు. సిద్ధము కానివాని మరణమును మఱింత భయంకరము చేయును.

మన వాఙ్మయమునందు ఈ ప్రశ్న నిలిచియున్న స్థలము సౌప్తిక పర్వము. పదుమూడవ శతాబ్దిలో తిక్కన తెనిగించిన ఆ కథ మన పాఠకులకు పరిచితమే యగుటచే విస్తరింపము. ఒక్క విషయము మాత్రము. మఱ్ఱిచెట్టు క్రింద కృపుడును కృతవర్మయు నిద్రించిరి. అశ్వత్థామకు నిద్ర రాలేదు. నిద్రించు కాకులను గుడ్లగూబ చంపుట అతడు చూచినది ఆ మెలకువలోనే. కృపుడు, నేటిరాత్రి నిద్రింపుము, తెల్లవారిన పిమ్మట పోరుదమని చెప్పినపుడు, కోపముతో దుఃఖముతో క్రాగువానికి నిద్ర యెక్కడిదని అశ్వత్థామ ప్రశ్నించెను. కావున నిద్రలేమి ఇందు నేరమునకు ఫలితము కాదు, నేరమునకు తల్లి. కృపుని సలహా ఎంత సామాన్యమైనదో అంత గొప్పది. అతడు ఆ రాత్రి నిద్రించియుండినచో ఉపపాండవులు బ్రతికియుందురు. ఈ సంహారమునకు ముందరి ఘడియలను 'ఊరుభంగ' నాటకము తీసికొన్నది. 1912 మొదలు తిరువనంతపురమున గణపతి శాస్త్రి ప్రకటించిన నాటకములలో ఇది యొకటి; భాసకర్తృకమగునా కాదా యను వాదము ఇంకను తీరలేదు. నాయకుడు రంగముమీదనే మరణించు సంస్కృత నాటకములు అరుదు గనుక దీనిని విషాదాంతమనుటకు మేము సంకోచింపము. దుర్యోధనుడు శాంతించి కన్నుమూయును. అశ్వత్థామ మాత్రము నిద్రించువారిని చంపుటకు ఆయుధము పట్టి వెడలును. ఒకడు శాశ్వతముగా నిద్రించుట, ఒకడు నిద్రలేక పోవుట. ప్రేక్షకుడు ఇంటికి తీసికొనిపోవు చిత్రము ఇదియే.

మన లాక్షణికులు నిద్రను చిన్నచూపు చూచిరనుకొనరాదు. నాట్యశాస్త్రము 33 వ్యభిచారిభావములలో నిద్రను, సుప్తమును, విబోధమును వేర్వేరుగా లెక్కించినది. తరువాతి కాలమున విశ్వనాథుడు సాహిత్యదర్పణమున శయనమును రంగముపై చూపరాని వానిలో చేర్చినాడు గాని, అచట సిగ్గు కలిగించు క్రియల సరసన చేర్చినాడు. అలసటచేత కలిగిన నిద్రను అతడు తలచినట్లు మాకు తోచదు. తోచియుండినచో భవభూతిని ఏమి చేయవలెను?

'ఉత్తరరామచరితము' సుఖాంతమే. అయినను దాని మొదటి అంకము లోకమునందలి ఏ విషాద నాటకమునకును తీసిపోదు. చిత్రపటములు చూచి అలసిన సీత రాముని బాహువును తలగడగా చేసికొని నిద్రించును. దుర్ముఖుడు వచ్చి నిలుచును. ఆమె నిద్రలోనే ఆర్యపుత్రుడెక్కడ యని కలవరించును. రాముడు దానిని చిత్రదర్శనము వలన కలిగిన విరహభయమని అనుకొనును. అపుడు దుర్ముఖుడు చెవిలో పౌరుల మాట చెప్పును. ఆమె తల ఇంకను అతని చేతిమీదనే యున్నది. ఇచట సీత నిర్దోషియని ప్రేక్షకునికి తెలుపుటకు ఆమె నిద్ర అక్కరలేదు. అది అగ్నియే తేల్చిన విషయము. ఆ నిద్ర రాముని దోషమును తూచుచున్నది. అతడు తన్ను తాను, పెంచిన పక్షిని చంపు కటికవానితో పోల్చుకొనును. మెల్లగా ఆమె తలను ఎత్తి తన బాహువును తీసికొనును. రాజధర్మమను పెద్దమాట ఎంత వాదించినను, ఆ చేతిని తీయుట యను చిన్నక్రియను అది కప్పలేదు. మేలుకొని మాటాడు సీతకు ఈ నిర్ణయమును చెప్పగల ధైర్యము అతనికి లేదు. ఫిలోక్టెటీసు ప్రక్కన నిలిచిన యువకుడు కదలలేదు. సీత ప్రక్కన నున్నవాడు కదలినాడు. కాలమునందును దేశమునందును సంబంధము లేని ఈ ఇద్దరు కవులు ఒకే ప్రశ్నను అడిగినారు: నీ నమ్మకముపై కన్ను మూసినవారియెడ నీవేమి చేయుదువు?

తెలుగువారు షేక్స్పియరును తమ భాషలో చదువ మొదలిడినదియు ఇట్టి నాటకముతోనే. వావిలాల వాసుదేవశాస్త్రి 1870 దశకమున 'జూలియస్ సీజర్' నాటకమును తెనిగించినాడు. మన తొలి షేక్స్పియరు అనువాదములలో నిది యొకటి. అందలి బ్రూటసు, కాషియసు తన్ను పురికొల్పిననాటినుండి తనకు నిద్ర లేదని చెప్పుకొనును. అప్పటికి కత్తి ఇంకను ఒరలోనే యున్నది. అశ్వత్థామ వలె ఇతనికిని మెలకువయే ముందు, రక్తము తరువాత. అతని ఇంటి బాలుడు లూషియసు మాత్రము పిలిచినను పలుకనంత గాఢముగా నిద్రించును. హత్య జరిగి, యుద్ధము ముంచుకొని వచ్చి, రణశిబిరమున ఆ బాలుడే వీణవంటి వాద్యమును వాయించుచు దానిపైననే ఒరగి నిద్రపోవును. బ్రూటసు అతనిని లేపడు. ఒత్తిగిలినచో వాద్యము విరుగునేమో యని దానిని మెల్లగా చేతినుండి తీసికొని, చదువు విడిచినచోట మడిచిన పుట వెదకికొని దీపము దగ్గర కూర్చుండును. సీజరు ప్రేతము వచ్చునది అపుడే. అది పోయిన తరువాత బ్రూటసు ఆ బాలుని లేపి, ఏమైన కలగని అరచితివా యని అడుగును. బాలుడు ఏమియు ఎరుగడు. తీగలు శ్రుతి తప్పినవని మాత్రము నిద్రమత్తున గొణుగును.